రాసింది తప్పు లేదు, కానీ చదవబుద్ధి కావట్లేదా?

సమస్య: "ఎనుమాముల మార్కెట్‌కు రైతుల ద్వారా మిర్చి తీసుకురావడం జరిగింది. వ్యాపారులచే ధర నిర్ణయించడం జరిగింది. బస్తాలపై టార్పాలిన్లు కప్పడం జరగలేదు."

కారణం: ప్రెస్‌నోట్ల భాష. పని చేసినవాళ్లు పక్కకు తప్పుకుంటే, పనులు వాటంతట అవే జరిగిపోతుంటాయి.

పరిష్కారం: ఫైల్‌లో "జరిగింది" అని వెతికి, ప్రతిచోటా "ఎవరు?" అని అడగండి. రైతులు మిర్చి తెచ్చారు. వ్యాపారులు ధర కట్టారు. మరి టార్పాలిన్లు ఎవరు కప్పలేదు? జవాబు తెలియకపోతే లోపం వాక్యంలో లేదు, మీ సమాచారంలో ఉంది. యార్డుకు ఫోన్ చేసి కనుక్కున్నాకే ఆ వాక్యం రాయండి. పెళ్లి జరిగింది, ప్రమాదం జరిగింది అన్నవి మాత్రం సరైనవే, వాటి జోలికి పోకండి.

సమస్య: "వేయిస్తంభాల గుడి 1163లో రుద్రదేవునిచే నిర్మించబడింది."

కారణం: గుడి గురించి రాస్తున్నాం కాబట్టి గుడితోనే మొదలవ్వాలి, అలా మొదలైతే "బడింది" తప్పదు అనుకోవడం.

పరిష్కారం: తెలుగులో ఆ ఇబ్బంది లేదు. "వేయిస్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడు" అనండి. గుడి ముందే ఉంది, క్రియకూ ప్రాణం వచ్చింది. రాజు స్వయంగా రాళ్లు మోయలేదన్న సంగతి కూడా "కట్టించాడు"లోనే ఉంది. "రామప్పను 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది" అన్నదీ ఇదే పద్ధతి. చేసినవాళ్లెవరో అక్కర్లేనప్పుడు "గేట్లు మూశారు" అంటే సరిపోతుంది, "మూయబడ్డాయి" అని ఇంట్లో ఎవరూ అనరు.

సమస్య: "మేడారంలో చాలామంది భక్తులు ఎంతో భక్తితో మొక్కులు తీర్చుకున్నారు."

కారణం: చూసింది రాయకుండా "చాలా", "ఎంతో" వేసి సరిపెట్టడం.

పరిష్కారం: "తమ ఎత్తు బెల్లం తూకం వేయించుకుని, దాన్నే బంగారం అంటూ తల్లులకు సమర్పించారు" అని రాయండి. ఇక "ఎంతో" ఎందుకు?

"యొక్క" కనిపిస్తే ఆలోచించకుండా కొట్టేయండి. రైతు పొలం, చెరువు కట్ట. అంతే.

కత్తెర చేతిలో ఉంది కదా అని "అట"ను మాత్రం తీసేయకండి. "కమిషన్ పెంచారట" అంటే మీరు విన్నది. "పెంచారు" అంటే మీరు హామీ ఇస్తున్నట్టు. రేపు యార్డులో ఎవరైనా నిలదీస్తే, జవాబు చెప్పుకోవాల్సింది మీరే.