కాలువ గట్టు రోడ్డు మీద బుల్లెట్‌కు ఏ కార్బురేటర్ నప్పుతుంది?

బండికి పికప్ పెంచుకోవాలనుకునే వారు సాధారణంగా ఎంత పెద్ద కార్బురేటర్ (గాలిని, పెట్రోలును కలిపి ఇంజనుకు పంపే భాగం) పడుతుందని అడుగుతారు. అంతకంటే ముందు, తమ బండి రోజూ ఎన్ని ఆర్‌పీఎంల (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) మీద నడుస్తున్నదో చూసుకోవాలి. కోనసీమలో కాలువ గట్ల మీద, లాకుల దగ్గర, ఇరుకు వంతెనల మీద సగం దూరం మూడో గేరులోనే గడుస్తుంది. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఉన్నవారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

ముందుగా గాలి లెక్క వేయండి. ఆ ఇంజను 346 సీసీ; ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి మాత్రమే గాలి పీలుస్తుంది. 5000 ఆర్‌పీఎం వద్ద నిమిషానికి 865 లీటర్లు కావాలి, కానీ సిలిండర్ పూర్తిగా నిండదు కనుక 80 శాతం చొప్పున సుమారు 690 లీటర్లు వెళుతుంది. గట్టు రోడ్డు మీద మనం వాడే 2500 దగ్గర అందులో సగానికి మించదు.

ఇప్పుడు సైజు, అంటే కార్బురేటర్ గాలి దారి వ్యాసం, చూడండి. కంపెనీ ఇచ్చిన 24 మిల్లీమీటర్ల కార్బురేటర్ తీసి 28 బిగిస్తే గాలి దారి వైశాల్యం 36 శాతం పెరుగుతుంది, అదే గాలికి వేగం నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. పెట్రోలును జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) నుంచి పైకి లాగేదీ, సన్నని తుంపరగా చేసేదీ ఆ వేగమే. ఒక దుకాణంలో చెప్పిన మాట నమ్మి నేను 30 బిగించినప్పుడు, కాలువ వంతెన ఎక్కుతూ యాక్సిలరేటర్ తిప్పిన ప్రతిసారీ ఇంజను ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టు తడబడేది. క్యామ్ (వాల్వులను తెరిచే భాగం), వాల్వులు మార్చకపోతే 24 చాలు. హెడ్ పోర్టింగ్ (ఇంజను హెడ్‌లోని గాలి దారులను అరగదీసి సరిచేయడం), క్యామ్ మార్పు చేయించినవారికి 26 సరిపోతుంది. 28 మాత్రం జాతీయ రహదారి మీద ఎక్కువగా తిరిగేవారికే.

మానిఫోల్డ్ (కార్బురేటర్‌ను ఇంజనుకు కలిపే గొట్టం) రంధ్రం కార్బురేటర్ నోటితో సరిగ్గా కలవాలి. అంచు మిగిలితే గాలి సుడి తిరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ తీసేయవద్దు. కోతల కాలంలో రోడ్ల మీద ధాన్యం ఆరబోసినప్పుడు లేచే ఊక దుమ్ము సిలిండర్‌ను గీసేస్తుంది.

జెట్ల ఎంపికకు మాత్రం ఓపిక కావాలి. ఐడిల్ (యాక్సిలరేటర్ వదిలేసిన స్థితి) నుంచి పావు థ్రాటిల్ (యాక్సిలరేటర్ పావు వంతు తిప్పడం) వరకు పైలట్ జెట్, అక్కడి నుంచి ముప్పావు వరకు నీడిల్ (జెట్‌లో పైకీ కిందికీ కదిలే సూది), ఆపైన మెయిన్ జెట్ ప్రధానంగా పనిచేస్తాయి. పావు దాటాక తడబడితే ముందు నీడిల్ క్లిప్పును ఒక గాడి కిందికి దించండి; నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. మెయిన్ జెట్ తేల్చుకోవడానికి ఖాళీ రోడ్డు మీద పూర్తి థ్రాటిల్‌లో కాసేపు నడిపి, క్లచ్ పట్టి ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్గు చల్లారాక తీసి చూడండి. లేత గోధుమ రంగు ఉంటే సరే; పొడి నల్ల మసి ఉంటే చిన్న జెట్, తెల్లగా పాలిపోతే పెద్ద జెట్ వేయాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు గాలి నిష్పత్తిలో ఇంధనం కొంచెం ఎక్కువ కావాలి కాబట్టి పాత పట్టికలోని జెట్ నంబరు పెట్రోలు తక్కువ ఇస్తున్నట్టు అనిపించవచ్చు. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న మన డెల్టాలో కుదిరిన జెట్టు, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో కాస్త నల్లపొగ వదులుతుంది. ఏడాదికి ఒక ప్రయాణం కోసం దాన్ని మార్చనక్కరలేదు.

చివరగా పొల్యూషన్ తనిఖీ కేంద్రంలో ఐడిల్ మీద కార్బన్ మోనాక్సైడ్ కొలిపించి, ఆ అంకె ఎక్కువగా ఉంటే మిక్స్చర్ స్క్రూను (ఐడిల్ మీద గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మర) పావు చుట్టు చొప్పున సరిచేయించండి.