అటక మీది పాత నవలని మళ్లీ అచ్చు వేయించడం ఎలా

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగు ఇళ్ల అటకల మీద పాత నవలలు ఇంకా ఉన్నాయి, కాకపోతే అట్టలు ఊడి, మొదటి నాలుగు పేజీలు చిరిగిపోయి ఉంటాయి. పిల్లలు ఒడియా బడుల్లో చదువుకున్నారు, ఇంట్లో పెద్దవాళ్లు వెళ్లిపోయాక ఆ కట్టలు తూకానికి పోతున్నాయి. అలా పోకముందే ఒక్కదాన్నైనా మళ్లీ అచ్చు వేయించాలనుకునేవాళ్ల కోసం ఇది.

ఉదాహరణకి ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి నవల 'ఛ మాణ ఆఠ గుంఠ' (ఆరు మాణాల ఎనిమిది గుంఠాల భూమి) తీసుకుందాం. ఈ నేల మీద ఆశ, అప్పు, పతనం గురించి ఇంత పదునుగా రాసిన నవల మరొకటి నాకు కనపడలేదు. వడ్డీలతో పెరిగి జమీందారైన రామచంద్ర మంగరాజు, భగియా, సారియా అనే నేత దంపతుల పొలం మీద కన్నేసి కాజేస్తాడు, ఆ తర్వాత జైలు పాలవుతాడు, ఎస్టేటు వకీలు చేతికి పోతుంది. 1897లో పత్రికలో మొదలై 1902లో పుస్తకంగా వచ్చింది.

ముందు హక్కులు చూసుకోండి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్క, అంటే 1960లో పోయినవారి పుస్తకం 2021 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. సేనాపతి 1918లో పోయారు కాబట్టి మూలానికి ఇబ్బంది లేదు. అయితే మీ చేతిలో ఉన్నది తెలుగు అనువాదమైతే అనువాదకుడు ఎప్పుడు పోయారన్నది విడిగా చూడాలి, ముందుమాటకీ బొమ్మలకీ కూడా అంతే. వారసులు దొరికితే ఫోన్‌లో సరేనంటే సరిపోదు, కాగితం మీద రాయించుకోండి.

స్కాన్ 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) తగ్గకుండా తీయండి, పుస్తకం వెన్ను మాత్రం కోయకండి, ఆ ఒక్క ప్రతే మిగిలి ఉండొచ్చు. స్కాన్ బొమ్మలోని అక్షరాల్ని చదివి టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్ వాడితే టైపింగ్ పని చాలా తగ్గుతుంది, కానీ పాత అచ్చులో అది 'మ'ని 'వు' అనీ, 'ఘ'ని 'ఫు' అనీ చదువుతుంది, అరసున్నల్ని మింగేస్తుంది. అందుకే ఇద్దరు కూర్చుని, ఒకరు పాత ప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు కొత్త ప్రూఫు చూసుకోవాలి. ఒక్కరే చూస్తే కన్ను తనకి తెలిసిన మాటనే చదివేసుకుంటుంది.

అసలు జాగ్రత్త లెక్కల దగ్గర. అప్పుల మీద నడిచే నవలలో ఒక్క అంకె తప్పితే కథే తప్పుతుంది. పాత పుస్తకాల్లో 12-8-0 అని ఉంటే పన్నెండు రూపాయల ఎనిమిది అణాలు, దాన్ని ఓసీఆర్ 1280 చేసి పెడితే ఒక బీదవాడి బాకీ వంద రెట్లు పెరిగిపోతుంది. భూమి కొలతలు ఇంకా గడ్డు. ఒడిశాలో దాదాపు ఎకరమంత ఉండే మాణానికి 25 గుంఠాలు, తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. హైదరాబాదులో కూర్చున్న ప్రూఫ్ రీడర్ ఎనిమిది గుంఠాలంటే ఎకరంలో అయిదో వంతు అనుకుని ఫుట్‌నోట్ పెట్టేస్తాడు, ఇక్కడి లెక్కలో అది మూడో వంతుకి దగ్గర. కాబట్టి డబ్బు, భూమి, వడ్డీ, తేదీ వచ్చిన ప్రతి చోటూ పేజీ నంబరుతో ఒక పట్టీ రాసుకుని, మొత్తం అయ్యాక దాన్ని మళ్లీ విడిగా సరిచూడండి. ఇది బోలెడు విసుగు పని, కానీ నన్నడిగితే పునర్ముద్రణకి విలువ ఇక్కడే వస్తుంది.

భాష సరిదిద్దకండి. వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి పోరాడింది పర్లాకిమిడి నుంచే, అది మనకి గర్వమే, కానీ అప్పటి రచయిత గ్రాంథికంలో రాస్తే అది అలాగే ఉండాలి. బండి 'ఱ' కూడా ఉంచండి. స్పష్టమైన అచ్చుతప్పులు మాత్రం దిద్ది, ఏవి దిద్దారో చివరి పేజీలో చెప్పండి. తెలుగు పాఠకుడికి తెలియని ఒడియా మాటలకి పేజీ కింద అర్థం ఇస్తే చాలు.

ఇక్కడి ప్రెస్సుల్లో తెలుగు కంపోజింగ్ చేసేవాళ్లు తక్కువ, అందుకే యూనికోడ్‌లో మీరే పేజీలు కట్టించి, ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్ చేయించి ఇవ్వండి, లేకపోతే వత్తులు ఎక్కడెక్కడికో పోతాయి. డెమీ సైజు, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాములు) కాగితం బాగుంటుంది. ఫారానికి (మడిచి పుస్తకంలో కలిపే ఒక అచ్చు కాగితానికి) 16 పేజీలు కాబట్టి మొత్తం పేజీలు ఆ లెక్కకి వచ్చేలా చూసుకోండి. వంద, రెండొందల కాపీలకి డిజిటల్ ప్రింటింగే చవక. డబ్బు ఉంటే దారంతో కుట్టించండి, జిగురు బైండింగ్ పదే పదే తెరిస్తే విడిపోతుంది.

పుస్తకాన్ని గుర్తించే నంబరు ఐఎస్‌బీఎన్‌ని రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, అచ్చుకి వెళ్లకముందే అప్లై చేయండి. పుస్తకం వచ్చిన 30 రోజుల్లోపు కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, చట్టం చెప్పిన మిగతా లైబ్రరీలకి కాపీలు పంపాలి. దిద్దిన టెక్స్ట్ ఫైలు ఇద్దరి దగ్గర దాచండి, రెండో ముద్రణకి ఎవరూ మళ్లీ మొదటి నుంచి టైపు చేయక్కర్లేకుండా.