విమ్‌లో ఆటో ఇండెంటేషన్‌ను ఆఫీసు స్టైల్‌కు సరిపెట్టడం

స్టైల్ గైడ్‌లో "ఇండెంట్ 8" (లైన్ మొదట్లో వదిలే ఖాళీ) అని చూసి, విమ్ అనే కోడ్ ఎడిటర్‌లో ట్యాబ్‌స్టాప్ సెట్టింగ్ ఒక్కటే మారిస్తే పని పూర్తి కాదు. ఫైల్లో ఉన్న ట్యాబ్ అక్షరం తెర మీద ఎంత వెడల్పుగా కనిపించాలో మాత్రమే అది చెబుతుంది. ఆటో ఇండెంట్ ఒక్కో మెట్టుకు ఎంత జరపాలో షిఫ్ట్‌విడ్త్ చూసుకుంటుంది. ట్యాబ్, బ్యాక్‌స్పేస్ కీలు నొక్కినప్పుడు ఎంత కదలాలో చెప్పడం సాఫ్ట్‌ట్యాబ్‌స్టాప్ పని. దానికి -1 ఇస్తే షిఫ్ట్‌విడ్త్‌నే అనుసరిస్తుంది. ట్యాబ్‌కు బదులు స్పేసులు పడాలంటే ఎక్స్‌పాండ్‌ట్యాబ్. ఈ పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి.

లైనక్స్ కెర్నెల్ సి కోడ్‌నే తీసుకోండి. అక్కడ 8 గడుల అసలు ట్యాబ్ వాడాలి, స్విచ్, కేస్ ఒకే నిలువులో ఉండాలి. కాబట్టి ట్యాబ్‌స్టాప్ 8, షిఫ్ట్‌విడ్త్ 8, నోఎక్స్‌పాండ్‌ట్యాబ్ పెట్టండి. విమ్ మామూలుగా కేస్‌ను ఒక మెట్టు లోపలికి తోస్తుంది. అది ఆగాలంటే సి కోడ్ ఇండెంట్ నియమాలు పెట్టే సిన్‌ఆప్షన్స్ (cinoptions) సెట్టింగ్‌కు :0 ఇవ్వాలి. తెరిచిన బ్రాకెట్ తర్వాతి అక్షరం కిందే రెండో లైన్ మొదలవ్వాలంటే (0 కూడా చేర్చండి. రెండూ కలిపి :0,(0 అవుతుంది. కామా పక్కన స్పేస్ పెట్టొద్దు, పెడితే ఎర్రర్ వస్తుంది.

ఇక వీటిని ఎక్కడ రాయాలి? చాలామంది విమ్ సెట్టింగ్స్ ఫైల్ అయిన విమ్ఆర్‌సీలో రాసి, పని చేయట్లేదని తలపట్టుకుంటారు. కారణం ఫైల్‌టైప్ ప్లగిన్లు, అంటే ఒక్కో భాష ఫైళ్లకు విడిగా సెట్టింగ్స్ పెట్టే స్క్రిప్టులు. అవి ఆ తర్వాత లోడ్ అయి, మీరు పెట్టిన విలువలను మార్చేస్తాయి. పైథాన్ ఫైల్ తెరిస్తే షిఫ్ట్‌విడ్త్ 4 అయ్యేది అందుకే. మీ హోమ్ డైరెక్టరీలో డాట్‌విమ్ కింద ఆఫ్టర్, దాని కింద ఎఫ్‌టీప్లగిన్ ఫోల్డర్లు చేసి, అందులో సీ.విమ్ ఫైల్ పెట్టండి. ప్రతి లైన్ సెట్‌లోకల్‌తో మొదలవ్వాలి. ఉత్త సెట్ వాడితే ఆ తర్వాత తెరిచే వేరే భాషల ఫైళ్లకూ అవే విలువలు పాకుతాయి. విమ్ఆర్‌సీలో ఫైల్‌టైప్ ప్లగిన్ ఇండెంట్ ఆన్ అనే లైన్ తప్పకుండా ఉండాలి. సి++ ఫైళ్లు కూడా ఈ సీ.విమ్‌నే చదువుతాయి, కనుక వాటికి వేరే స్టైల్ కావాలంటే పక్కనే సీపీపీ.విమ్ చేయాలి.

ఇంకా తేడాగా ఉంటే ఊహించుకుంటూ కూర్చోకండి. కోలన్ నొక్కి వెర్బోస్ సెట్ షిఫ్ట్‌విడ్త్ అని రాసి చివర ప్రశ్నార్థకం పెట్టండి. ఆ విలువను చివరిసారి ఏ ఫైల్ మార్చిందో విమ్ పేరుతో సహా చెబుతుంది. ప్రాజెక్టులో అందరి ఎడిటర్లకూ ఒకే ఇండెంట్ నియమాలు చెప్పే ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్ ఉంటే ముందు దాన్ని చూడండి. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ ఎడిటర్ 0.9 వెర్షన్ నుంచి దాన్ని తనంతట తానే చదువుతుంది. జట్టంతా దాన్నే పాటిస్తుంటే మీ సొంత విలువలు తీసేయడమే మేలు.

పాత ఫైల్ తెరిచి జీజీ, సమానం గుర్తు, పెద్ద జీ కొట్టేస్తే మొత్తం కోడ్ మళ్లీ సర్దుకుంటుంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ మీరు మార్చింది మూడు లైన్లే అయినా రివ్యూ చేసేవారి ముందు మూడు వందలు పడతాయి, ఏ లైన్‌ను చివరిసారి ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్‌లో మారిన ప్రతి లైన్‌కూ మీ పేరే వస్తుంది. మీరు ముట్టుకున్న లైన్లను మాత్రం విజువల్ మోడ్‌లో ఎంచుకుని సమానం గుర్తు నొక్కండి. ఫైల్లోని ట్యాబ్‌లను ఇప్పటి సెట్టింగ్‌కు తగ్గట్టు మార్చే రీట్యాబ్ కమాండ్‌తో మరింత జాగ్రత్త అవసరం. అది కోట్స్ లోపలి ట్యాబ్‌లనూ మార్చేస్తుంది, బిల్డ్ సూచనలుండే మేక్‌ఫైల్‌లో ట్యాబ్ స్పేసులైతే బిల్డే ఆగిపోతుంది. కమిట్‌కు ముందు సెట్ లిస్ట్ కొట్టి చూస్తే ట్యాబ్‌లు ^ గుర్తుతో మొదలై కనిపిస్తాయి, స్పేసులు ఖాళీగానే ఉంటాయి.