కథ మీద విమర్శ: ఏది దిద్దుకోవాలి, ఏది వదిలేయాలి

శాలువా కప్పే సభలో విమర్శ దొరకదు. కడప బ్రౌన్ గ్రంథాలయంలో ఆవిష్కరణ పెట్టుకోండి, తప్పులేదు. లోపాలు తెలియాలంటే మాత్రం అచ్చుకు పంపకముందే ముగ్గురికి చదవడానికివ్వాలి. ఒకరు కథలు రాసేవారు, ఒకరు బాగా చదివేవారు, మూడోవారు ఆ బతుకు తెలిసినవారు. ధర్మవరం మగ్గాల కథైతే నేత పనిచేసేవారు, సేద్యం కథైతే రైతు.

పేరాలకు నంబర్లు వేసి, పక్కన రెండంగుళాల ఖాళీ వదిలి ప్రింటు తీయించండి. ‘ఎలా ఉంది?’ అంటే ‘బాగుంది’ అంటారు, దాంతో ఒరిగేదేమీ లేదు. చదువుతూ ఎక్కడ ఆగిపోయారు, ఏ పేరా రెండోసారి చదవాల్సి వచ్చింది, ఎవరి ప్రవర్తన నమ్మబుద్ధి కాలేదు అని అడగండి. వారం గడువు చాలు.

ఆ తర్వాత ఆ ముగ్గురూ మీరూ కూర్చుని, పైకి చదివించి వింటే 2000 మాటల కథకు సుమారు 20 నిమిషాలు పడుతుంది. అందరూ మాట్లాడేదాకా రచయిత నోరు విప్పకూడదు. ‘నా ఉద్దేశం అది కాదండీ’ అన్నారంటే ఎదుటివారు మొహమాటపడి సర్దుకుంటారు, అసలు మాట లోపలే ఉండిపోతుంది. ఎవరేమన్నారో వాళ్ల మాటల్లోనే, పేరా నంబరుతో సహా రాసుకోండి. మూడు రోజులు కథ జోలికి పోవద్దు.

తర్వాత ముందుగా చూడాల్సింది వాస్తవాల తప్పులు. జూలై మొదట్లో విత్తిన చెనిక్కాయను (వేరుశనగను) వినాయక చవితికే పెరికించారని రైతు పట్టుకుంటే వాదించేదేముంది? అది దాదాపు 110 రోజుల పంట. అయితే పండగ పేరు మార్చి ఊరుకుంటే చాలదు. అక్టోబరు ఆఖరుకు జరిపితే అప్పటి వానలూ కథలోకొస్తాయి. పెరికిన చెట్టు తడిస్తే కాయ నల్లబడుతుంది, మేతా చెడుతుంది. అప్పు తీరుస్తానన్న గడువు కూడా మారుతుంది. ఒక్క తేదీ దిద్దితే దాని వెంట వచ్చేవన్నీ వెతుక్కోవాలి.

నిర్మాణం మీద వచ్చే మాటలే చిక్కు. రామక్క ఎద్దుల్ని సంతకు తోలే కథ ఒకటి అనుకుందాం. ‘ముగింపు హఠాత్తుగా ఉంది’ అని ఒకరు, ‘రామక్క అట్లా చేసే మనిషి కాదు’ అని ఇంకొకరు, ‘నడుమ సాగింది’ అని మరొకరు అంటారు. మూడూ వేర్వేరుగా వినిపించినా లోటు ఒక్కటే: ఆమె ఆ నిర్ణయానికి ఎట్లా వస్తోందో ముందెక్కడా కనిపించలేదు. ముగింపు తిరగరాస్తే పని జరగదు. రెండో పేజీలోనే ఆమె గడ్డివామి చుట్టూ తిరిగి, ఆ మేత ఎన్నాళ్లొస్తుందో వేళ్ల మీద లెక్కబెట్టే నాలుగు వాక్యాలు పెడితే మూడు ఫిర్యాదులూ పోవచ్చు. తోటి రచయితలు చాలాసార్లు తామైతే ఎట్లా రాస్తారో చెబుతారు. వాళ్లు తట్టుకున్న చోటు గుర్తు పెట్టుకోండి, మందు మాత్రం మీరే వెతుక్కోండి.

‘సీమ కథలో కరువూ ఫ్యాక్షనూ లేవేం?’ అనేవారికి నమస్కారం పెట్టి వదిలేయండి. యాస అర్థం కాలేదన్న కోస్తా పాఠకుడి మాట అట్లా కొట్టిపారేయకూడదు. మాట తీసేయనక్కర్లేదు, పక్క వాక్యంలో ఆ పని జరుగుతూ కనిపిస్తే చాలు. ఒకే మనిషి ఒకచోట ‘పోతాండా’ అని, ఇంకోచోట ‘వెళ్తున్నా’ అని అంటున్నాడని స్థానికులు పట్టుకుంటే మాత్రం వెంటనే దిద్దాలి. ఆ పాత్ర సంభాషణలన్నీ ఒక కాగితం మీదకు ఎక్కించి, పైకి చదివితే తేడా చెవికే తెలుస్తుంది.

అచ్చయ్యాక కథ కింద మీ ఫోన్ నంబరుంటే కాల్స్ వస్తాయి. వివరణ ఇవ్వకండి, ఏ చోట అట్లా అనిపించిందో అడిగి రాసుకోండి. ఆ దిద్దుబాట్లు సంపుటి వేసేటప్పుడు పనికొస్తాయి. దిద్దిన ప్రతిని మొదటి ముగ్గురికే మళ్లీ ఇస్తే, కథ తెలిసినవాళ్లు కాబట్టి ఖాళీలు వాళ్లకు ఆనవు. అసలు చదవని ఒకరికి ఇవ్వండి.