మొదటిసారి చిన్న లగ్జరీ ఓడ ఎక్కే కుటుంబానికి: డబ్బు కట్టే ముందు నుంచి ఓడ దిగే దాకా

ఉత్తరాంధ్రలో క్రూయిజ్ అంటే చాలామందికి గుర్తొచ్చేది 2022లో విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్లిన ఎంప్రెస్ లాంటి పెద్ద ఓడే. చిన్న లగ్జరీ ఓడ సంగతి పూర్తిగా వేరు. వంద మంది మొదలు ఏడెనిమిది వందల మంది దాకా ఎక్కుతారు, గదులు దాదాపు అన్నీ సూట్లే (కూర్చునే చోటు కూడా ఉన్న పెద్ద గదులు), ప్రయాణికుల పేర్లు సిబ్బందికి రెండో రోజుకే నోటికొచ్చేస్తాయి. సుఖం నిజమే గానీ ఎక్కాక సర్దుబాటు చేసుకోవడానికి వీలు తక్కువ. కొట్టు ఒక్కటుంటే ఉన్నట్టు. వంటింట్లో ఉండేది బయల్దేరిన రేవులో ఎక్కించిన సరుకే. ఖాళీ గది దాదాపు ఉండదు. అందుకని పనిలో ముప్పాతిక వంతు ఇల్లు కదలకముందే అయిపోవాలి. ఏది అడిగినా మాటతో సరిపెట్టుకోకుండా మెయిల్‌లో రాయించుకోవాలి.

డబ్బు కట్టే ముందు

మొదట పిల్లల వయసు. కొన్ని కంపెనీలు 18 ఏళ్లు నిండనివాళ్లను అసలు ఎక్కించుకోవు. చాలాచోట్ల ఆరు నెలల లోపు పసిబిడ్డను తీసుకోరు, వరసగా మూడు రోజులు నడిసముద్రంలో ఉండే ప్రయాణమైతే ఏడాది నిండాలంటారు. గర్భిణికి 24వ వారం వస్తే సాధారణంగా అనుమతి ఉండదు. ఈ లెక్క ప్రయాణం మొదలైన రోజుతో కాక ముగిసే రోజుతో చూస్తారని గుర్తుంచుకోండి. పిల్లలకు ఆటల గది, చూసుకునే ఆయా ఉన్నారో లేదో కూడా అడగండి. చిన్న ఓడల్లో చాలావాటికి ఉండవు. అలాంటి ఓడలో ఎనిమిదేళ్ల పిల్లాడికి మూడో రోజుకే తోచదు.

తర్వాత గది. మన ఇళ్లల్లో నలుగురు ఒకే గదిలో సర్దుకోవడం మామూలే, కానీ ఓడలో గదికి ఇంతమందేనని ముందే నిర్ణయించి ఉంటుంది. సూట్లలో ఎక్కువ భాగం ఇద్దరికే. మూడో మనిషికి సోఫా మంచం ఉన్న గదులు కొన్నే, అవి ముందే అయిపోతాయి. అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు, నాన్నమ్మ వెళ్తుంటే మధ్యలో తలుపున్న రెండు గదులు కావాలని మొదటి మెయిల్‌లోనే రాయండి. ‘పక్కపక్క గదులు’ అని మాత్రం రాస్తే మధ్య తలుపు లేనివి ఇస్తారు, రాత్రి పిల్ల ఏడ్చినప్పుడల్లా వసారాలోంచి తిరగాలి.

‘అన్నీ కలిపే’ అన్న మాటను విడగొట్టి చదవండి. భోజనం, పానీయాలు, సిబ్బంది టిప్పులు సాధారణంగా ధరలోనే ఉంటాయి. రేవుల్లో ఊరు చూపించే యాత్రలు కొన్ని కంపెనీలు కలుపుతాయి, కొన్ని విడిగా వసూలు చేస్తాయి. విమానం, హోటల్, వైఫై, డాక్టర్ ఫీజు ఎవరివో ఒక్కొక్కటీ అడగండి. మిగతా డబ్బు ప్రయాణానికి 90 నుంచి 120 రోజుల ముందే కట్టేయాల్సి రావచ్చు. ఆ తర్వాత మానుకుంటే తిరిగొచ్చేది రోజురోజుకీ తగ్గిపోతుంది. విదేశీ టూర్ ప్యాకేజీ మీద ఏజెంటు టీసీఎస్ (అమ్మేవాడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా పట్టుకుంటాడు. అది మీ పాన్ మీద జమవుతుంది కాబట్టి రిటర్న్‌లో సర్దుకోవచ్చు, రసీదు దాచుకోండి.

నెల ఎంపిక సెలవుల్ని బట్టి చేస్తాం, సముద్రాన్ని బట్టి కూడా చేయాలి. సంక్రాంతి సెలవులకు థాయ్‌లాండ్ పడమటి తీరం, ఫుకెట్ వైపు, బాగుంటుంది. అదే జనవరిలో మలేసియా తూర్పు తీరాన ఈశాన్య రుతుపవనాల అలలుంటాయి. వేసవి సెలవుల్లో ఫుకెట్ వైపు సముద్రం రేగడం మొదలవుతుంది. మే నెలకు మధ్యధరా సముద్రమే హాయి. దసరా, దీపావళి రోజులు మన బంగాళాఖాతానికి తుఫాను కాలం. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో అక్టోబరులోనే వచ్చాయి. ఆ నెలల్లో ఓడ ఎక్కే రేవుకి ఒక్క రోజు కాదు, రెండు రోజులు ముందే చేరేలా టికెట్లు తీసుకోండి. విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు.

పేరు, పాస్‌పోర్టు, వీసా

ఎక్కువ ప్రయాణాలు చిక్కుబడేది ఇక్కడే, అదీ మన పేర్ల వల్లే. ఆధార్‌లో ‘బి. అప్పలనాయుడు’, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో ఇంటిపేరు చివర. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలో రాయించుకున్న పెద్దవాళ్లు మన జిల్లాల్లో కొల్లలు. ఓడ బుకింగ్‌లో రెండు గడులూ నింపితే తప్ప ముందుకు పోదు, అందుకని ఏజెంటు తనకు తోచినట్టు విడగొడతాడు. విమానం టికెట్ తీసేవాడు ఇంకోలా విడగొడతాడు. రెండు కాగితాల మీద ఇద్దరు మనుషులు తయారవుతారు. దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కు: ఒంటిపేరు పాస్‌పోర్టులతో వచ్చే సందర్శకుల మీద యూఏఈ 2022 నవంబరులో ఆంక్ష పెట్టింది. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే పాస్‌పోర్టునే ముందు సరిచేయించుకోండి. ఆ తర్వాత పాస్‌పోర్టు కింది భాగంలో బాణం గుర్తులతో ఉండే రెండు వరసల ఫొటో తీసి ఏజెంటుకి పంపి, అందులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయమనండి.

పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే ముగుస్తుంది, పెద్దవాళ్లది పదేళ్లు. తిరిగొచ్చే రోజు నుంచి అందరికీ ఆరు నెలల గడువు మిగిలి ఉండేట్టు చూసుకోండి. తల్లిదండ్రుల్లో ఒక్కరే పిల్లల్ని తీసుకెళ్తున్నా, తాతయ్య, అమ్మమ్మలతో పంపుతున్నా, రాలేని వాళ్ల సమ్మతి పత్రం నోటరీ చేయించి ఇంగ్లీషులో పెట్టుకోవాలి. పుట్టిన సర్టిఫికెట్ తెలుగులో ఉంటే దానికీ ఇంగ్లీషు అనువాదం కావాలి.

వీసా విషయంలో చేసే పెద్ద పొరపాటు ఎక్కే రేవు ఒక్కదానికే తీసుకోవడం. ఓడ ఆగే ప్రతి దేశం నియమమూ చూడాలి, ఓడలోంచి దిగకూడదనుకున్నా సరే. గ్రీసులో ఎక్కి, మధ్యలో తుర్కియే రేవు చూసి మళ్లీ గ్రీసులో దిగే ప్రయాణం అనుకోండి. మధ్యలో షెంగెన్ (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల కూటమి) దాటి మళ్లీ లోపలికి వస్తున్నారు కాబట్టి సింగిల్ ఎంట్రీ వీసా పనికిరాదు, డబుల్ లేదా మల్టిపుల్ ఎంట్రీ కావాలి. అది లేకపోతే ఓడ దగ్గరే నిలిపేస్తారు, డబ్బూ తిరిగి రాదు. షెంగెన్‌కు దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రభుత్వ ఉద్యోగులు శాఖ అనుమతి పత్రం ముందే తెచ్చుకోవాలి, ఆ ఫైలు కదలడానికి పట్టే రోజుల్ని కూడా లెక్కలో వేసుకోండి. జీడిపప్పు వ్యాపారమో వ్యవసాయమో చేసేవాళ్లు బ్యాంకు ఖాతాలో ఆరు నెలల లావాదేవీలు సహజంగా కనిపించేలా చూసుకోవాలి. దరఖాస్తుకి వారం ముందు ఒక్కసారే లక్షలు జమచేస్తే అనుమానం వస్తుంది.

తిండి

‘వెజిటేరియన్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. విదేశీ వంటవాడి శాకాహారంలో గుడ్డు ఉంటుంది, చీజ్‌లో దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ ఉండొచ్చు, పుడ్డింగులో జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసే జెలటిన్ ఉండొచ్చు, ఆగ్నేయాసియా వంటల్లో చేప సాస్ ఉంటుంది. సూపుకి కోడి ఎముకల నీళ్లు పోస్తారు. ఏవి తినరో విడివిడిగా, గుడ్డు సంగతితో సహా, ప్రయాణానికి కనీసం 60 రోజుల ముందు రాసి పంపి జవాబు తీసుకోండి. ఏవి కావాలో కూడా రాయండి: తెల్లన్నం, కందిపప్పు, తియ్యని పెరుగు కాకుండా మామూలు పెరుగు, పచ్చిమిర్చి. సరుకు రేవులో ఎక్కేటప్పుడే కందిపప్పు ఎక్కాలి, నడిసముద్రంలో అడిగితే ఎంత మంచి వంటవాడైనా పుట్టించలేడు. ఎక్కాక రోజూ రాత్రి భోజనం అయ్యాక రెస్టారెంటు హెడ్‌ని కలిసి మర్నాటి మెనూలో మీకేం చేస్తారో చెప్పించుకోండి. అప్పటికప్పుడు బల్ల దగ్గర అడిగితే ఉడికించిన కూరగాయలే వస్తాయి.

ఇంటి ఆవకాయ సీసా చాలా ఓడలు లోపలికి రానివ్వవు. కంపెనీ సీలున్న పొడులు, పచ్చళ్లు అయితే ఎక్కువగా ఒప్పుకుంటారు. అదీ ముందే అడగండి. మసాలా పొడుల్లో గసగసాలు లేకుండా చూసుకోండి. సింగపూర్, యూఏఈల్లో గసగసాలు నిషేధం. గుట్కా, ఖైనీ, చూయింగ్ గమ్ కూడా సింగపూర్‌కి తీసుకెళ్లకూడదు. ఓడలోని పళ్లు, శాండ్‌విచ్‌లు రేవులోకి పట్టుకెళ్లకండి, చాలా దేశాల్లో జరిమానా వేస్తారు.

సముద్రం పడకపోతే

చిన్న ఓడ పెద్ద ఓడ కంటే ఎక్కువ ఊగుతుంది. పక్కలకు ఊగకుండా నీళ్లలో స్టెబిలైజర్ రెక్కలుంటాయి గానీ ముందూ వెనకా ఎగిరి పడే కుదుపుని అవి ఆపలేవు. సాలూరు ఘాట్ రోడ్డులో బస్సు వెనక సీటు ఎంత కుదుపుతుందో, ఓడలో ముందు కొస, పై అంతస్తు అంతే. అందుకని గది మధ్యలో, కింది డెక్‌లో తీసుకోండి. మాత్ర వాంతి మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు, అలలు రాకముందే, కనీసం గంట రెండు గంటల ముందు పడాలి. అవోమిన్ లాంటివి మత్తునిస్తాయి. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దవాళ్లు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు. ఖాళీ కడుపుతో ఉండొద్దు, మరమరాలో పొడి బిస్కెట్లో తిని, డెక్ మీదికొచ్చి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత చూడాలి. ఫోన్ చూస్తే ఇంకా ముదురుతుంది.

బీపీ, షుగర్ మాత్రలు ప్రయాణం రోజులకు మరో వారం కలిపి, స్ట్రిప్పుల్లోనే, ఇంగ్లీషు చీటీతో చేతిసంచిలో పెట్టండి. ఓడ డాక్టర్ ఫీజు తీసుకుంటాడు. తీవ్రమైన జబ్బైతే ఒడ్డుకు తరలించే ఖర్చే పెద్దది, అందుకని మెడికల్ ఎవాక్యుయేషన్ ఉన్న బీమానే కొనండి. పాత జబ్బులు దాచకండి, దాస్తే క్లెయిము పోతుంది. ఓడల్లో వ్యాపించి వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజర్ సరిగా పనిచేయదు. తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

సామాను

ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్, కొవ్వొత్తి, అగరొత్తులు నిషేధం. గదిలో దీపారాధన కుదరదు. సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజి ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే భాగం) ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా తీసేసుకుంటారు. చాలా ఓడల్లో ఇంట్లోలా ఒక తీగను ఎర్త్‌కి కలపరు, రెండు తీగల్లోనూ వోల్టేజి ఉంటుంది, అందుకే అలాంటి బాక్సు వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. అమెరికా, యూరప్ పిన్నుల అడాప్టర్లు ఒక్కోటి చాలు.

సాయంత్రం ఆరు దాటితే నిక్కర్లు, రబ్బరు చెప్పులు ఒప్పుకోని రెస్టారెంట్లు ఎక్కువ. కోటు కొనాల్సిన పనేమీ లేదు, పట్టుచీర, కుర్తా పైజమా నిక్షేపంగా చెల్లుతాయి. పొందూరు ఖద్దరు చొక్కా ఒకటి పెట్టుకుంటే వేడి దేశాల్లో అంతకంటే హాయైన సాయంత్రపు దుస్తు లేదు.

రేవులో ఇచ్చిన పెట్టెలు గదికి మధ్యాహ్నం దాటాకే వస్తాయి. పాస్‌పోర్టులు, మందులు, పిల్లలకు ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. వీసా లేదా మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డుకి విదేశీ లావాదేవీలు ఆన్ చేయించండి. ఓడలో ఖర్చులకు డెబిట్ కార్డు ఇస్తే పూచీగా పట్టిన డబ్బు విడుదలకు రోజులు పడుతుంది.

ఎక్కాక

ఎక్కగానే ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఓడ సొంత శాటిలైట్ సిగ్నల్ సాధారణ రోమింగ్ ప్యాకులోకి రాదు, ఒక్క వాట్సాప్ అప్‌డేట్‌కి వేల బిల్లు రావచ్చు. తర్వాత ప్రమాద శిక్షణ. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినపడితే మీ గది తలుపు వెనక రాసి ఉన్న చోటికి వెళ్లాలి. ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ ప్రమాదం 2012లో జరిగాక, ఈ శిక్షణ ఓడ కదిలేలోపే, లేదా కదలగానే జరగాలని నియమం వచ్చింది. అప్పుడే పిల్లల సైజు లైఫ్ జాకెట్లు అడిగి గదిలో పెట్టించుకోండి, పెద్దవాళ్ల జాకెట్లోంచి పిల్లలు జారిపోతారు.

కొన్ని రేవుల్లో ఓడ దూరంగా లంగరేసి, చిన్న పడవలో ఒడ్డుకు దింపుతారు. పడవ మూరెడు లేస్తూ దిగుతూ ఉంటుంది. నావికుడి వేళ్లు పట్టుకోకండి, తడి చేతులు జారతాయి. అతని మణికట్టు మీరు, మీ మణికట్టు అతను పట్టుకోవాలి. పడవ పైకి లేచి క్షణం ఆగినప్పుడు, అతను చెప్పగానే ఒకే అడుగు, అంతే. రెండో చేతిలో ఫోను, సంచి ఉండకూడదు. చీర కట్టుకుంటే కుచ్చిళ్లు పైకి దోపుకోవాలి, నాన్నమ్మకు పంజాబీ డ్రెస్సే మేలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల కోసం పడవ రేవులెన్నో బుకింగ్ అప్పుడే లెక్కపెట్టుకోండి.

ఒడ్డున ఉన్నప్పుడు ఫోన్ గడియారం స్థానిక సమయానికి మారిపోతుంది. మీరు తిరిగి ఎక్కాల్సింది ఓడ సమయానికి. చేతి గడియారం ఓడ సమయానికి పెట్టి, పోర్టు ఏజెంటు (ఆ రేవులో ఓడ తరఫు మనిషి) నంబరు రాసున్న ఆ రోజు కార్యక్రమం కాగితం జేబులో పెట్టుకోండి. పాస్‌పోర్టులు ఓడవాళ్ల దగ్గరే ఉంటే రంగు జిరాక్సు తీసుకెళ్లండి.

ఆఖరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు, తెల్లారితే అవి ఒడ్డునే కనిపిస్తాయి. మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు, మాత్రలు, పాస్‌పోర్టులు బయటికి తీశాకే తాళం వేయండి. తిరుగు విమానం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతే తీసుకోండి.