బెంగళూరులో అడ్వాన్స్ గొడవా? లాయర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలంటే

మాది హిందూపురం. బెంగళూరు మేయో హాల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తుంటాను. మారతహళ్లి, బెళ్లందూరు వైపు నుంచి మనవాళ్లు ఎక్కువగా తెచ్చే గొడవ ఒకటే: ఇల్లు ఖాళీ చేశాం, ఓనర్ అడ్వాన్స్ ఇవ్వట్లేదు. దీనికి మొదటి రోజే లాయర్ అక్కర్లేదు.

ముందు అగ్రిమెంట్ తీసి చదవండి. పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటామని అందులో ఉండి, మీరు సంతకం పెట్టి ఉంటే ఆ డబ్బు మీద వాదన నిలవడం కష్టం. లేదంటే దేనికి ఎంత పట్టుకున్నారో బిల్లులతో చూపించమని అడగండి. ఫోన్‌లో కాదు, ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో రాయండి. తాళాలు ఇచ్చే రోజు గోడలు, గీజర్, సింకు, కరెంటు మీటర్ రీడింగ్ వీడియో తీసి అప్పుడే ఓనర్‌కి పంపితే, రేపు మీ తరఫున మాట్లాడేది అదే. పది పదిహేను రోజులు చూసినా జవాబు రాకపోతే లాయర్‌తో నోటీసు పంపించండి. నేను చూసినంతలో చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. దావాకి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది, టెన్షన్ పడక్కర్లేదు.

ఓనర్ ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసు వెళ్లాలి. నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. కడప అబ్బాయి ఒకతను బ్యాంకు మెమోని (చెక్కు బౌన్స్ అయిందని బ్యాంకు ఇచ్చే కాగితం) ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా దాచి తెచ్చాడు. ఓనరూ తెలుగాయనే. "వచ్చే వారం వేస్తాలే తమ్ముడూ" అంటే నమ్మి ఆగాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ 30 రోజులు పోయాయి, చెక్కుకుండే మూడు నెలల గడువూ పోయింది, మళ్లీ బ్యాంకులో వేసే దారి లేదు. చెక్ బౌన్స్ కేసు చేజారి సివిల్ దావా ఒక్కటే మిగిలింది. ఆ కాగితం చూసినప్పుడు నాకు చాలా బాధేసింది.

కోర్టు సమన్లు వచ్చినా అంతే. కన్నడలో ఉందని పక్కన పడేయకండి. సివిల్ దావాలో జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు ఇస్తారు, కారణం చూపిస్తే 90 దాకా. అది అందిన రోజే లాయర్‌కి చూపించండి. ఓనర్ మీరు లేనప్పుడు తాళం మార్చి సామాను బయట పెట్టాడా? కోర్టు ఆర్డర్ లేకుండా అలా వెళ్లగొట్టకూడదు. ఇంటి స్వాధీనం తిరిగి కోరుతూ ఆరు నెలల్లోపు దావా వేయొచ్చు.

పోలీసులు అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, లాయర్‌తో మాట్లాడనివ్వాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. మీరే ఫిర్యాదు ఇస్తే ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. చదవలేని భాషలో ఉన్న కాగితం మీద, ఎవరైనా చదివి వినిపించేదాకా సంతకం పెట్టకండి.

ఫీజుకి డబ్బు లేదని వెనక్కి తగ్గకండి. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా సిద్ధయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనానికి వెళ్లండి, కర్ణాటక లీగల్ సర్వీసెస్ అథారిటీ అక్కడే ఉంది.

సొంతంగా లాయర్‌ని పెట్టుకుంటే వకాలత్ (మీ తరఫున వాదించడానికి లాయర్‌కి అధికారం ఇచ్చే కాగితం) మీద సంతకం పెట్టేముందే ఫీజు ఎంత, ఏ దశలో ఎంత అన్నది రాయించుకోండి. గెలిస్తే ఇంత శాతం అని అడిగేవాళ్లకి దూరంగా ఉండండి, బార్ కౌన్సిల్ నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. కేసు వేశాక సీఎన్‌ఆర్ నంబర్, అంటే మీ కేసుకి కోర్టు ఇచ్చే ప్రత్యేక నంబర్, అడిగి తీసుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో ఆ నంబర్ కొడితే వాయిదా ఎప్పుడో, కిందటిసారి ఏం జరిగిందో మీకే కనపడుతుంది.