కొనబోయే గుర్రాన్ని గిట్టల నుంచి పైకి చూడడం

గుర్రం ఎదురుగా వచ్చి నిలబడగానే ఎవరి చూపైనా ముందు మెడ ఒంపు మీదికి, జూలు మీదికి, నిగనిగలాడే ఒంటి మీదికి పోతుంది. అమ్మజూపేవారికి ఈ సంగతి బాగా తెలుసు గనుక గుర్రాన్ని కడిగి, మాలీషు చేసి, జూలు దువ్వి, అందంగా కనబడే వైపే తిప్పి నిలబెడతారు. అందులో తప్పేమీ లేదు. కొనేవారు మాత్రం తమ చూపును పట్టుబట్టి నేల మీదికి దించి, గిట్టల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. 450, 500 కిలోల బరువున్న శరీరం నాలుగు చిన్న గిట్టల మీద నిలబడుతుంది. అందులో సుమారు 60 శాతం ముందు కాళ్ళ మీదనే పడుతుంది. కుంటుపడే గుర్రాల్లో ఎక్కువ వాటికి బాధ ముందు కాళ్ళలోనే, అందులోనూ గిట్టలోనే కనబడడానికి ఇది ముఖ్యమైన కారణం.

గుర్రాన్ని చూడడానికి బయలుదేరే ముందే దానితో ఏ పని చేయించబోతున్నామో తేల్చుకోవాలి. నెమ్మదిగా సాగే సవారీకి ఏమాత్రం అడ్డురాని లోపం, అడ్డంకుల మీదుగా దూకించే గుర్రానికి రెండేళ్ళలో కాలు చెడగొట్టవచ్చు. ఇక చూడడంలో నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే పద్ధతి ఒకటుంది. బొమ్మల్లోని ఆదర్శ గుర్రంతో ఎదుటి గుర్రాన్ని పోల్చడం కంటే, దాని కుడి కాలిని దాని ఎడమ కాలితోనే పోల్చి చూడడం ఎక్కువ నిజం చెబుతుంది. నాలుగు కాళ్ళూ ఒకే తీరులో కాస్త వంకరగా ఉంటే అది పుట్టుకతో వచ్చిన తీరు కావచ్చు. ఒక కాలు మాత్రమే మిగిలిన వాటికి భిన్నంగా ఉంటే అక్కడ ఏదో జరిగిందని అర్థం.

గుర్రాన్ని చల్లగా ఉన్నప్పుడే, అంటే ఆ రోజు ఇంకా పని చేయకముందే చూడాలి. ఒకసారి నేను వెళ్ళేసరికి గుర్రం జీనుతో సిద్ధంగా ఉంది. నడకలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. జీను దింపించి పొట్ట కింద పట్టీ ఆనే చోట చేయి పెట్టి చూస్తే వెంట్రుకలు తడిగా, వెచ్చగా తగిలాయి. నేను రాకముందే దాన్ని చాలాసేపు తిప్పారన్నమాట. మరునాడు తెల్లవారుజామున మళ్ళీ వెళ్ళి, లాయంలోంచి అది బయటికి వేసే మొదటి అడుగులనే చూశాను. పది అడుగుల దాకా వెనుక కాళ్ళు కర్రల్లా బిగిసి ఉండి, ఆ తరువాత మెల్లగా సాగడం మొదలుపెట్టాయి. కీళ్ళవాతం ఉన్న గుర్రాలు చాలావరకు ఇలాగే కదిలే కొద్దీ సర్దుకుంటాయి. వేడెక్కిన గుర్రంలో కనబడని సంగతి ఆ పది అడుగుల్లో తెలిసిపోయింది.

ఆ తరువాత గట్టి, చదునైన నేల మీద గుర్రాన్ని నిలబెట్టించి, కొంచెం దూరంగా నిలబడి, ఏమీ మాట్లాడకుండా కొన్ని నిమిషాలు చూడండి. వెనుక కాలిని మార్చి మార్చి విశ్రాంతిగా సడలించడం గుర్రాలకు సహజం. కాని ఒకే ముందు కాలిని పదే పదే ముందుకు చాపి దాని మీద బరువు వేయకుండా నిలబడితే ఆ కాలిలో నొప్పి ఉన్నట్టు అనుమానించాలి. రెండు ముందు కాళ్ళనూ ముందుకు చాపి, బరువంతా వెనుకకు తోసి నిలబడే గుర్రానికి గిట్టల్లో వాపు రోగం, అంటే లామినైటిస్ ఉండే అవకాశం ఎక్కువ. అక్కడితో బేరం ఆపి పశువైద్యుణ్ణి పిలవడం మంచిది.

కాళ్ళ తీరును ముందు నుంచి, పక్క నుంచి, వెనుక నుంచి విడివిడిగా చూడాలి. ముందు నుంచి చూసినప్పుడు భుజం కొన నుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసినట్టు ఊహించుకుంటే, ఆ గీత మోకాలు, దాని కింద పొడవుగా ఉండే నలి ఎముక, గిట్ట పైన ఉండే ఫెట్‌లాక్ కీలు, గిట్ట అన్నిటినీ సరిగ్గా సగానికి చీల్చాలి. గిట్టల కొనలు బయటికి తిరిగిన గుర్రం కాలు లేపినప్పుడు గిట్ట లోపలికి వంపు తిరిగి రెండో కాలికి తగలవచ్చు. లోపలికి తిరిగిన గుర్రం గిట్టను బయటికి విసురుతుంది, అది చూడడానికి బాగుండదు గాని రెండో కాలికి తగిలే ప్రమాదం తక్కువ. పక్క నుంచి చూసినప్పుడు మోకాలు కొంచెం ముందుకు వంగి ఉంటే అంతగా భయపడనక్కరలేదు. వెనుకకు వంగి ఉంటే మాత్రం ప్రతి అడుగులోనూ మోకాలి ఎముకల ముందు అంచులు ఒత్తుకుంటాయి గనుక వేగంగా పరుగెత్తించే పనికి అలాంటి గుర్రాన్ని నేను తీసుకోను. వెనుక కాళ్ళకు పిరుదు కొన నుంచి దించిన గీత హాక్ (మన చీలమండకు సమానమైన కీలు) కొనను తాకి, నలి వెంబడే నేలకు దిగాలి. హాక్ మరీ కొడవలిలా వంగితే దాని వెనుక ఉండే నరం, అంటే ఎముకలను పట్టి ఉంచే తాడులాంటి స్నాయువు, దెబ్బతినవచ్చు. మరీ నిటారుగా స్తంభంలా ఉంటే స్టైఫిల్ కీలు, అంటే మన మోకాలికి సమానమైన కీలు, పట్టేసే ఇబ్బంది రావచ్చు.

ఇక గిట్ట. దీని దగ్గర ఎంతసేపు గడిపినా ఎక్కువ కాదు. గిట్ట గోడ వెంట్రుకల అంచు దగ్గర పుట్టి నెలకు ఒక సెంటీమీటరు లోపు చొప్పున కిందికి పెరుగుతుంది. ముందు వైపు అది నేలను తాకడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. కాబట్టి గుర్రం గడిచిన ఏడాదిలో అనుభవించిన జబ్బు, జ్వరం, మేత మార్పు ఆ గోడ మీద ఉంగరాల్లాంటి గీతలుగా మిగిలి ఉంటాయి. ఆ గీతలు చుట్టూ సమాన దూరంలో ఉంటే అవి మేతలోనో కాలంలోనో వచ్చిన మార్పువల్ల పడినవై ఉండవచ్చు. ముందు వైపు దగ్గర దగ్గరగా, మడమ వైపు ఎడంగా విచ్చుకుంటే మాత్రం లామినైటిస్ వచ్చి పోయిన గుర్తు. అమ్మేవారు ఏం చెప్పినా ఆ గీతల మాటే ముందు నమ్మాలి. పక్క నుంచి చూస్తే గిట్ట ముందు వాలు, దాని పైన ఫెట్‌లాక్ దాకా ఉండే పాస్టర్న్ భాగపు వాలు ఒకే గీతలో ఉండాలి.

తరువాత ప్రతి గిట్టనూ ఎత్తించి అడుగు చూడాలి. మడమలు రెండూ వెడల్పుగా ఉండి, వాటి నడుమ త్రికోణంలా ఉండే ఫ్రాగ్ రబ్బరులా సాగుతూ, గట్టిగా ఉంటే మంచిది. ఫ్రాగ్ పక్కనున్న గాడిలో నల్లటి చీము, దుర్వాసన ఉంటే అది తడిలో పడే కుళ్ళు. శుభ్రతతో, మందుతో తగ్గేదే అయినా గుర్రాన్ని ఎలా చూసుకుంటున్నారో చెబుతుంది. ఒక గిట్ట రెండోదానికంటే ఇరుకుగా, నిటారుగా ఉంటే ఆ కాలి మీద చాలాకాలంగా బరువు తక్కువగా వేస్తోందేమో ఆలోచించాలి. లాడం ఒక పక్కే అరిగిందా, అడుగును కప్పే తోలుపట్టీ ఏమైనా వేశారా, వేస్తే ఎందుకు వేశారు అని అడగాలి. చివరగా అరచేతి వెనుక భాగంతో నాలుగు గిట్టల వేడినీ పోల్చి, ఫెట్‌లాక్ వెనుక రెండు పక్కలా వేళ్ళు ఆనించి నాడి చూడాలి. మంచి గిట్టలో ఆ నాడి దొరకడానికే కష్టపడాలి. వెతకనవసరం లేకుండా కొట్టుకుంటున్నట్టు తగిలితే గిట్టలో మంట ఉన్నట్టే.

అక్కడి నుంచి చేతిని మోకాలి దాకా పైకి జరపండి. నలి వెనుక నరాలు తాళ్ళలా బిగువుగా, వేటికవిగా వేలికి తెలియాలి. పక్క నుంచి చూసినప్పుడు ఆ నరాల గీత విల్లులా ఉబ్బి కనబడితే అది ఎప్పుడో తెగి మానిన నరం. మానిన నరం మళ్ళీ మునుపటి సాగుడు గుణాన్ని పూర్తిగా పొందదు. ముందు కాలి లోపలి వైపు మోకాలి కింద తగిలే గట్టి బుడిపెలు, చల్లగా ఉండి నొక్కినా గుర్రం పట్టించుకోకపోతే, చాలావరకు కంటికి వికారమే తప్ప పనికి అడ్డు కావు. అదే బుడిపె వెచ్చగా ఉండి, నొక్కగానే కాలు లాక్కుంటే అది ఇంకా నడుస్తున్న గాయం. మోకాళ్ళ ముందు మచ్చలుంటే గుర్రం తడబడి పడిపోయే అలవాటున్నదేమో అడగాలి.

ఒంటి పై భాగం గురించి తక్కువ మాటల్లో చెప్పవచ్చు. భుజం వాలుగా ఉంటే అడుగు సాగుతుంది, నిటారుగా ఉంటే అడుగు చిన్నదై కుదుపు ఎక్కువవుతుంది. మూపు స్పష్టంగా ఉంటే జీను జారదు. అక్కడ తెల్ల వెంట్రుకల మచ్చలుంటే పాత జీను పుళ్ళ గుర్తులు. వెన్ను వెంబడి రెండు వేళ్ళతో ఒత్తుతూ పోతే నొప్పి ఉన్న గుర్రం ఒక్కసారి నడుము దించేస్తుంది లేదా చెవులు వెనుకకు వాలుస్తుంది. వెనుక నిలబడి రెండు పిరుదుల కండను పోల్చండి. ఒక పక్క తగ్గి ఉంటే ఆ పక్క కాలు సరిగా వాడడం లేదు. ఒంటి పుష్టికి 1983లో పరిశోధకుడు హెన్నెకి, ఆయన సహచరులు ప్రకటించిన 1 నుంచి 9 దాకా ఉండే కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది. పక్కటెముకలు కంటికి కనబడకుండా చేతికి తగిలే 5 దగ్గర ఉండడం మంచిది. మితిమీరిన కొవ్వు వంకర రూపాన్ని కూడా కప్పిపుచ్చుతుంది, ఆ మాట మరవకూడదు.

కుంటును పట్టుకోవడానికి ట్రాట్‌ను, అంటే నిదానపు పరుగును, మించినది లేదు, ఎందుకంటే అందులో ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా, సమానమైన రెండు దెబ్బలుగా పడతాయి. పగ్గం వదులుగా పట్టించి, గట్టి నేల మీద గుర్రాన్ని మీ నుంచి దూరంగా, తిరిగి మీ వైపుకు, ఆ తరువాత పక్కగా పరుగెత్తించమనండి. పగ్గాన్ని బిగించి తల పైకెత్తి పట్టుకుంటే తల ఊపు తెలియదు, కాబట్టి వదులుగా ఉండాలని పట్టుబట్టాలి. నొప్పి ఉన్న ముందు కాలు నేలను తాకినప్పుడు గుర్రం తల పైకి ఎగురుతుంది. మంచి కాలు పడినప్పుడు కిందికి దిగుతుంది. వెనుక కాలి కుంటుకు తుంటి ఎముకలను చూడాలి. నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువగా పైకీ కిందికీ కదులుతుంది. ఇక్కడ పొరపాటు పడే అవకాశం ఒకటుంది. ఎడమ వెనుక కాలు నొప్పి పెడుతున్న గుర్రం, ఆ కాలు దాని జంట అయిన కుడి ముందు కాలితో కలిసి పడినప్పుడు బరువును ముందుకు తోయడానికి తల దించుతుంది గనుక, చూసేవారికి ఎడమ ముందు కాలు కుంటుతున్నట్టే తోస్తుంది. అందుకే తలను ఒకసారి, తుంటిని ఒకసారి వేరుగా చూడాలి. కళ్ళు మూసుకుని గిట్టల చప్పుడు వినడం కూడా నాకు అలవాటు. దెబ్బల నడుమ ఎడం తేడా పడితే చెవికి ముందే తెలుస్తుంది.

తరువాత రెండు వైపులా గుండ్రంగా తిప్పించాలి, ఎందుకంటే తిన్నగా వెళ్ళేటప్పుడు దాగిన నొప్పి మలుపులో బయటపడుతుంది. బిగువుగా అతి చిన్న మలుపు తిప్పించి, కొన్ని అడుగులు వెనుకకు నడిపిస్తే మెదడుకూ వెన్నుపాముకూ సంబంధించిన లోపాలు కనబడతాయి. కాలు వణుకుతూ పైకి లాక్కున్నా, కాళ్ళు ఒకదానికొకటి అడ్డుపడినా వైద్యుడికి చెప్పాలి. కీలును సుమారు నిమిషంపాటు ముడిచి పట్టుకుని వెంటనే పరుగెత్తించే పరీక్షను మాత్రం వైద్యుడే చేయాలి, ఫలితాన్ని తూచి చెప్పడానికి అనుభవం కావాలి.

ఊపిరి, నాడి విశ్రాంతిగా ఉన్నప్పుడే లెక్కించాలి. నాడి నిమిషానికి 28 నుంచి 44, ఊపిరి 8 నుంచి 16 మధ్య ఉండడం మామూలు. ఊపిరి వదిలేటప్పుడు డొక్క రెండుసార్లు నొక్కుకుంటూ, పక్కటెముకల అంచు వెంబడి కండ గాడిలా కనబడితే శ్వాసకోశానికి పాత జబ్బు ఉంది. దౌడు తీయించినప్పుడు ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు ఈలో గురకో వినబడితే అది గొంతులో స్వరపేటిక ఒక పక్క చచ్చుబడిన లక్షణం. సాధారణంగా ఎడమ పక్కే చచ్చుబడుతుంది. కళ్ళలో మబ్బు, నీరు కారడం, ఒక కంటిపాప రెండోదానికంటే చిన్నగా ఉండడం గమనించాలి. చేతిని కంటి దగ్గరకు తెచ్చినప్పుడు రెప్ప వేస్తుందో లేదో చూడండి, అయితే గాలి తగిలేలా విసిరితే గుడ్డి కన్ను కూడా రెప్ప వేస్తుంది.

దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదేమో గాని, డబ్బిచ్చి కొనే గుర్రానికి లెక్కపెట్టి తీరాలి. పాలపళ్ళు పోయి ముందరి శాశ్వత దంతాలు సుమారు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ళకు జంటలుగా వస్తాయి. అయిదేళ్ళకు నోరు నిండుతుంది. కింది దంతాల మీది గుంటలు మధ్య జంటలో ఆరేళ్ళకు, పక్క జంటలో ఏడేళ్ళకు, చివరి జంటలో ఎనిమిదేళ్ళకు అరిగిపోతాయి. పదేళ్ళ దగ్గర పై చివరి దంతం మీద ఒక గాడి మొదలై ఇరవై ఏళ్ళకు పన్ను పొడవునా దిగుతుంది. పదేళ్ళు దాటాక పళ్ళు చెప్పే వయసు అంచనా మాత్రమే. పై దంతాల ముందు అంచులు అసహజంగా అరిగి ఉంటే కొయ్యను పళ్ళతో పట్టి గాలి మింగే అలవాటు ఉందేమో అని, లాయం తలుపు అంచులు కొరికి ఉన్నాయేమో అని ఒకసారి చూడండి.

ఇన్ని చూశాక కూడా కొనే ముందు పశువైద్యుడి పరీక్ష తప్పదు. అమ్మేవారి గుర్రాలను మామూలుగా చూసే వైద్యుడు కాకుండా మీరు ఎంచుకున్న వైద్యుడై ఉండాలి. మీరు చూసిన ప్రతి గీతనూ, బుడిపెనూ, తేడానూ కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. ఏ కాలికి ఎక్స్-రే తీయాలో నిర్ణయించడానికి అది పనికొస్తుంది. ఫినైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పి మందులు కుంటును కొన్ని రోజులు దాచగలవు గనుక, పరీక్ష రోజే రక్తం తీయించి భద్రపరచమని అడగండి. చల్లటి పాత బుడిపెలు, పని తీరుకు అడ్డురాని వంకర కాలు, మానిన చర్మపు మచ్చలు ఉన్న గుర్రాన్ని నేను సంతోషంగా తీసుకుంటాను. మడమ వైపు విచ్చుకున్న గీతలు, వేలికి కొట్టుకునే గిట్ట నాడి, విల్లులా ఉబ్బిన నరం, వీటిలో ఒక్కటి కనబడినా, ఆ గుర్రం కన్ను ఎంత మంచిదైనా, దాని మెడ నిమిరి వెనుకకు తిరిగి వచ్చేస్తాను.